నలుగురూ చేరితే ఆగిపోయే ఆట

2024 ఎండాకాలం. బిట్రగుంట స్టేషను రోడ్డులో నాది చిన్న కంప్యూటర్ రిపేరు షాపు. సముద్రం దగ్గర కాబట్టి మా దగ్గరికొచ్చే బోర్డుల్లో సగానికి ఉప్పుగాలి రోగమే. పిన్నులు పచ్చబడి ఉంటాయి, స్క్రూలు తుప్పు పట్టి కదలవు. కానీ స్లాటు నిండా గ్రీజు పూసిన కంప్యూటర్ని చూడటం మాత్రం నాకదే మొదలు, అదే ఆఖరు.

తెచ్చినాయన పేరు పోలయ్య. బోగోలు తీరంలో సొంత బోటున్న మనిషి.

"ఇదేందన్నా ఈ జిడ్డు?" అన్నాను.

"ఉప్పు పట్టి ఆగిపోతా ఉండాదేమోనని నేనే పూసినా. ఇంజను వైర్లకి పూస్తాం గదా, దీనికి పనికిరాదా?"

నవ్వొచ్చింది గానీ ఆయన మొహం చూశాక నవ్వలేకపోయాను. అంతకుముందు ఏడాది బోటును ఒడ్డుకు లాగుతుంటే జారి ఆయన కొడుకు మురళి నడుం మీద పడిందట. అప్పట్నుంచి మురళి గోడ పట్టుకునే నడుస్తున్నాడు. అదే బోటులో అతనితో వల లాగే ముగ్గురు జతగాళ్ళు కలిసి అతనికో కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనిచ్చారు. సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రెండు నెలలూ వాళ్ళు కావలిలో గేమింగ్ సెంటరుకు పోయి ఆడతారు, మురళి ఇంట్లోంచి వాళ్ళతో కలుస్తాడు. కార్డు తక్కువ రకమే అయినా కొత్తది. కంప్యూటర్ మాత్రం ఏదో ఆఫీసువాళ్ళు వదిలించుకున్న పాతది. కార్డు వేసినా ఆట ఆగి ఆగి నడిచిందట. పెద్దాయన గ్రీజు పూశాక తెర పూర్తిగా నల్లబడింది.

"నిషేధం అయిపోతే అందరం వేటకి పోతామన్నా. ఈలోపలన్నా వాళ్ళతో ఆడుకోనీ వాణ్ణి" అన్నాడు పోలయ్య.

"మురళి మళ్ళీ బోటెక్కడా?"

"డాక్టరు లేదన్నాడు. వాడికింకా చెప్పలా. నిషేధం ఎత్తేస్తానే వస్తానని కూర్చోనుండాడు."

స్లాటునీ కార్డు అంచునీ స్పిరిట్‌తో ఓపిగ్గా కడిగితే తెర వెలిగింది. కార్డుకేమీ కాలేదు. మరి మొదట్నుంచీ ఉన్న తిప్పలు ఎందుకని మురళికి ఫోన్ చేశాను.

"ఒక్కణ్ణే తిరిగితే బానే ఉంటాదన్నా. నలుగురం ఒక దగ్గర చేరి, ఎదుటోళ్ళు కూడా మీదబడినారంటే బిగుసుకుపోతాది. తేరుకునేలోపల నన్ను చంపేసుంటారు. నావల్ల వాళ్ళూ ఓడిపోతా ఉండారు."

సంగతి తెలిసిపోయింది. ఆటలో బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. ఎవరు ఎక్కడున్నారు, ఏ గుండు ఎవరికి తగిలింది అని లెక్కేసి ఆ కార్డుకు పని అందించేది ప్రాసెసర్. జనం పెరిగేకొద్దీ ఆ లెక్క పెరుగుతుంది. పాత ప్రాసెసర్ అక్కడ ఊపిరాడక నిలబడిపోతే, కొత్త కార్డు పని లేక కూర్చుంటుంది. దీన్నే మేం బాటిల్‌నెక్ అంటాం.

కొత్త ప్రాసెసర్ వెయ్యాలంటే బోర్డూ ర్యామూ అన్నీ మార్చాలి, అది పోలయ్య వల్ల అయ్యే పని కాదు. అందుకని ఆ బోర్డుకే సరిపడే పాత రకాల్లో గట్టిది, సెకండ్‌హ్యాండ్ ఐ7 ప్రాసెసర్ ఒకటి పంపమని చెన్నైలో తెలిసినాయనకు చెప్పాను. ఆయన రేపు మాపు అంటూ నిషేధం చివరి వారానికి గానీ పంపలేదు. ఈలోపు పోలయ్య షాపుకొచ్చి, అడగలేక అడగలేక అడిగి వెళ్ళేవాడు. వచ్చినరోజే ప్రాసెసర్ బిగించి, నేనే బండి మీద వాళ్ళింటికి తీసుకెళ్ళాను.

మురళి దిండ్లు పెట్టుకుని కూర్చుని ఆట మొదలుపెట్టాడు. కావలి నుంచి ముగ్గురి గొంతులూ స్పీకర్లో వినబడ్డాయి. ఆటలో నలుగురూ ఒక మిద్దె మీద చేరారు, ఎదుటివాళ్ళు చుట్టుముట్టారు. ఆట ఎక్కడా ఆగలేదు. "అన్నా, చూసినావా!" అని మురళి అరిచాడు. వాకిట్లో పోలయ్య తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. నాకూ ప్రాణం లేచొచ్చింది.

ఆ ఆట గెలిచాక వాళ్ళు కబుర్లలో పడ్డారు. ఐసు ఎప్పుడెక్కించాలి, ఏ వల ముందు వెయ్యాలి అని. అందులో ఒకడు మామూలుగానే అన్నాడు:

"రేయ్ మురళీ, నీ జాగాలోకి కొత్తగా వచ్చినోడికి వల సర్దను కూడా రాదురా. మీ నాయన యాణ్ణుంచి పట్టుకొచ్చినాడో!"

మురళి మౌస్ మీంచి చెయ్యి తీయకుండానే తల తిప్పాడు.

"నాయనా, నా జాగాలో మనిషిని పెట్టేసినావా?"

"నువ్వు బాగయ్యేదాకేరా" అన్నాడు పోలయ్య. అబద్ధమాడటం ఆయనకు చేతకాలేదు.

"ఎప్పటికి బాగవతానంట?"

పోలయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. స్పీకర్లోంచి జతగాళ్ళు "ఇంకో ఆట రారా, యాడికి పోయినావు?" అని పిలుస్తూనే ఉన్నారు. మురళి స్పీకరు ఆపేశాడు. నేను చెప్పులేసుకుని బయటపడ్డాను.

వానలు పట్టాక పోలయ్య ఒకసారి షాపుకొచ్చాడు. మురళి ఎట్లా ఉన్నాడని అడిగాను.

"ఉండాడన్నా. వాళ్ళు పిలిచినా పోడు. కారు తోలే ఆట ఒకటి పెట్టుకోని, పొద్దస్తమానం ఒక్కడే తోలతా ఉంటాడు."

ఇప్పటికీ పాత ప్రాసెసర్‌కి కొత్త కార్డు వేసుకోవచ్చా అని ఎవరడిగినా, ముందు ఎవరితో ఆడతావని అడుగుతాను. పదిమంది చేరే ఆటకైతే ప్రాసెసర్ మార్చక తప్పదు. ఒక్కడే కారు తోలుకునే ఆటకైతే, మురళికి నేను తీసేసిన ఆ పాతదే సరిపోయేది.