కండక్టరమ్మ గొంతు

మెదక్‌లో నేను ఒక గది కిరాయికి తీసుకుని పని మొదలుపెట్టినప్పుడు, కింద మందుల షాపు నడిపే పెద్దాయన చాలా రోజులు నన్ను డ్రాయింగ్ టీచరనే అనుకున్నాడు. తన మనవరాలిని చేర్చుకుంటారా అని అడిగాడు కూడా. నేను నేర్పేది బొమ్మలు కాదని, మాటల్లో చెప్పుకోలేని బాధ ఉన్నవాళ్లతో కూర్చుని రంగులు, మట్టి, పాట, నాటకం సాయంతో పని చేస్తానని చెప్పాను. ఆయన "అంటే గోలీలు లేని దవాఖాన అన్నట్టు" అన్నాడు. అన్నేళ్లు చదివినా నాకు దొరకని మాట అది. అప్పటి నుంచి నేనూ అలాగే చెప్పుకుంటున్నాను.

ఆ గదికి వచ్చినవాళ్లలో నేను ఎక్కువగా తలుచుకునేది ఒక బస్సు కండక్టరమ్మను. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

నలభై దాటిన మనిషి, అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె నోరు తెరిస్తే గాలి తప్ప శబ్దం రావడం లేదు. మాట్లాడిందంతా అత్తే.

"గొంతు పోయింది బిడ్డా. నాలుగు నెలలాయె. హైదరాబాద్‌ల గొంతుల కెమెరా ఏసి సూసిండ్రు. అంత మంచిగనే ఉన్నదన్నరు. మంచిగుంటే మాటెందుకు వస్తలేదని నేనడిగిన. గప్పుడు డాక్టర్ సారు గీ చిట్టీ రాసిచ్చిండు."

చిట్టీ మీద నా ఫోన్ నంబరు ఉంది.

సంగతి మెల్లగా తెలిసింది. వానాకాలంలో ఒక సాయంత్రం అల్లాదుర్గ్ వైపు పోతున్న బస్సుకు మలుపులో బర్రె అడ్డం వచ్చింది. డ్రైవరు స్టీరింగు పక్కకు తిప్పాడు. తడి రోడ్డు మీద బస్సు జారి, పొలంలోకి ఒరిగిపోయింది. ఎవరి తప్పూ లేదు, ఎవరి ప్రాణమూ పోలేదు. ఒక ముసలమ్మకు మాత్రం చెయ్యి విరిగింది. ఆ రోజు అందరినీ బయటికి లాగింది, అంబులెన్సుకు ఫోన్ చేసింది కండక్టరమ్మే. మర్నాడు పోలీసులకు జరిగింది జరిగినట్టు చెప్పింది. మూడో రోజు డ్యూటీకి పోయి, తలుపు దగ్గర నిలబడి "రైట్ రైట్" అనబోతే గొంతు పలకలేదు.

నేను ఆమెను ఏమీ అడగలేదు. ప్రతి మంగళవారం కాగితాలు, రంగులు ముందు పెట్టేదాన్ని. ఆమె సైగ చేసి స్కేలు అడిగి తీసుకుని, శ్రద్ధగా గళ్లు గీసేది. మూడో వారం ఆ గళ్లను నీలం రంగుతో నింపుతుంటే, అది పైనుంచి చూసిన బస్సని నాకు అర్థమైంది. సీట్లన్నీ నింపి ఒక్కటి తెల్లగా వదిలేసింది.

"గీ సీటు ఎవరిది అక్కా?" అన్నాను.

ఆమె రంగు కింద పెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆ రోజుకు అంతే.

అక్కడ నేను తప్పు చేశాను. దారి దొరికిందన్న సంబరంలో, తర్వాతి మంగళవారం ఆమె రాకముందే గదిలో కుర్చీలన్నీ బస్సులా వరసగా పేర్చాను. ఆమె తలుపు దాకా వచ్చింది. చూసింది. వెనక్కి తిరిగి మెట్లు దిగిపోయింది. మూడు వారాలు రాలేదు.

హైదరాబాద్‌లో నాకు ఈ పని నేర్పిన మా టీచరుకు ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. "తొందర ఆమెకుందా, నీకుందా?" అని మాత్రం అడిగింది. సమాధానం నాకు తెలుసు. అందుకే సిగ్గేసింది.

వాళ్లింటికి ఫోన్ చేస్తే అత్త ఎత్తింది. "తప్పు నాదేనమ్మా. అడగకుండ కుర్చీలు పెట్టిన. తీసేసిన. ఆమెకు రావాలనిపిస్తేనే రమ్మనుండ్రి" అన్నాను.

"ఇనుకుంటనే ఉన్నది, పక్కనే కూసున్నది" అంది అత్త.

ఆ మంగళవారం ఇద్దరూ వచ్చారు. ఈసారి నేను ఏదీ సిద్ధం చేయలేదు. ఏం చేద్దామని ఆమెనే అడిగాను. గోడ పక్కన ఒకదాని మీద ఒకటి పెట్టిన కుర్చీల వైపు చాలాసేపు చూసింది. దగ్గరికి జరిగి, గాలిలాంటి గొంతుతో, "ఖాళీ బస్సయితే పెడ్తా" అంది.

కుర్చీలు తనే పేర్చింది. నేను పోయినసారి తలుపును తప్పు వైపు పెట్టానని చేత్తో చూపించింది. మధ్యలో తిరగడానికి ఎంత సందు ఉండాలో తన నడుముతో కొలుచుకుంది. తర్వాత కాళ్లు కాస్త ఎడంగా పెట్టి, కమ్మీ పట్టుకున్నట్టు చెయ్యి పైకెత్తి నిలబడింది. అప్పటిదాకా ఒదిగి ఒదిగి కూర్చున్న మనిషి, అక్కడ నిలబడగానే వేరే మనిషైంది. నేను ముందు కుర్చీలో కూర్చుని, ఒక స్టీలు పళ్లెం స్టీరింగులా పట్టుకున్నాను.

బయట బెంచీ మీద కూర్చునే అత్త తల లోపలికి పెట్టింది. కండక్టరమ్మ చూసి, ఎక్కమన్నట్టు చెయ్యి ఊపింది. అత్త ఎక్కింది. రెండు నిమిషాలు బుద్ధిగా కూర్చుంది. తర్వాత మొదలుపెట్టింది.

"ఓ కండక్టరమ్మా, జర ఆపు. మా చెల్క గీడనే."

పొలాల దగ్గర బస్సు ఆగదన్నట్టు కోడలు తల ఊపింది.

"ఆపుమంటే ఆపవేంది? స్టాపు కాడ దిగి మల్ల ఎన్కకు నడవాల్నా? కాళ్లు గుంజుతున్నయి నాకు!" అత్త లేచి నిలబడి కుర్చీ వీపు మీద దబదబా కొట్టింది. "ఓ డ్రైవరమ్మా, నువ్వన్న ఆపు!"

నేను వెనక్కి తిరిగి, "ఆపాల్నా కండక్టరమ్మా?" అన్నాను.

"గీడ స్టాపు లేదు! కూసో!"

గది అదిరింది. కింద షాపులో ఎవరో "ఏమైంది?" అని అరిచారు. అత్త టక్కున కూర్చుంది. కండక్టరమ్మ తన గొంతు మీద తనే చెయ్యి వేసుకుని నిలబడిపోయింది.

అత్త నాతో అంది: "ఇరవై ఏండ్ల సంది నన్ను గిట్లనే కూసోబెడ్తున్నది."

ముగ్గురం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే కండక్టరమ్మ కుర్చీలో కూలబడి ఏడ్చింది. అత్త అడ్డమున్న కుర్చీలు జరిపి వచ్చి ఆమె తలను కడుపుకు హత్తుకుంది. నేను పళ్లెం పట్టుకుని అలాగే కూర్చున్నాను.

ఆ రోజుతో గొంతు వచ్చేసిందని చెప్పాలని ఉంది కానీ, అలా జరగలేదు. ఒక రోజు వచ్చేది, మూడు రోజులు పోయేది. కానీ వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం చెప్పింది. ఆ సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. ముసలమ్మ నిలబడలేక ఊగుతోంది. కండక్టరమ్మ ఒక కాలేజీ పిల్లాణ్ని లేపి, ఆమెను ఆ కిటికీ సీట్లో కూర్చోబెట్టింది. బస్సు ఒరిగింది ఆ వైపే.

"నేనే కూసో అన్న మేడమ్. నిలబడి ఉంటే ఆమె చెయ్యి ఇరగకపోతుండె."

అత్త మీద అరిచినప్పుడు ఆమె నోటి నుంచి ఊడిపడ్డ మాటా అదేనని నాకు అప్పుడు తట్టింది. ఆమెకూ తట్టే ఉంటుంది.

ఒక మంగళవారం, ముసలమ్మ సీటులో తనే కూర్చుని ఆమెలా మాట్లాడతావా అని అడిగాను. వద్దనుకుంటే వద్దని కూడా చెప్పాను. కూర్చుంది. "అవ్వా, నీకు సీటిచ్చిన ఆమెతోని ఏమన్న అనాలనున్నదా?" అన్నాను. ఒక మోచేతిని ఇంకో చేత్తో పట్టుకుని, వీపు వంచింది. చివరికి ముసలి గొంతుతో, "ఇన్ని దినాలాయె, నన్ను సూడనీకె ఎందుకు రాలె?" అంది. అని, తనే ఉలిక్కిపడింది.

ఆ ఆదివారం అత్తాకోడళ్లు పండ్లు తీసుకుని ముసలమ్మ ఊరికి పోయారు. నేను వెళ్లలేదు. అది నా చోటు కాదు. తర్వాత కండక్టరమ్మే చెప్పింది. ముసలమ్మ చెయ్యి మోచేతి దగ్గర కొంచెం వంకర పోయింది. వాన పడితే గుంజుతుందని చెప్పుకుంది. నొప్పి లేదని అబద్ధమాడలేదు. ఈమె ఏడుస్తూ సీటు సంగతి ఎత్తితే, ముసలమ్మ ఎగాదిగా చూసి, "గా పిలగాణ్ని నువ్వు లేపినవ్, గది నాకు యాదికున్నది. మా ఇంట్ల గూడ నా కోసం ఎవలు లేవరు" అందట.

పక్కనే ఉన్న అత్త అందుకుని, "మల్ల చాయ్ పోసి, దోస్తుల లెక్క పంపింది" అంది.

మరో రెండు నెలలకు ఆమె డ్యూటీలో చేరింది. మొదట ఆఫీసులో, తర్వాత బస్సు మీద. నేను ఒకసారి పనుండి చేగుంట పోతుంటే ఆమె బస్సే తగిలింది. నన్ను చూసి కళ్లతోనే నవ్వింది కానీ, "ఫ్రీ టికెటుకు ఆధార్ సూపెట్టుండ్రి మేడమ్" అని ఆడవాళ్లందరినీ అడిగినట్టే అడిగింది. గొంతు ఇంకా కొంచెం జీరగానే ఉంది. దిగేటప్పుడు దగ్గరికి వంగి, "మబ్బు పడితే ఇప్పటికీ గుండె దడదడ అంటది. అయినా ఎక్కుతున్న" అంది.

ఆ తర్వాతి మంగళవారం, ఆమె వచ్చే వేళకు అత్త ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. రొప్పుతూ కుర్చీలో కూలబడింది.

"కోడలికి మంచిగనే ఉన్నది గదా అమ్మా?" అన్నాను.

"దానికేంది, మస్తుగున్నది. పొద్దుగాల లేస్తే నా మీదనే గొంతెత్తి ఒర్రుతది" అంది. చీర కొంగుతో ముఖం తుడుచుకుని, గదంతా ఒకసారి చూసింది. "నాకు గూడ చెప్పుకునేటియి ఉన్నయి బిడ్డా. ఇంట్ల ఎవలకు జెప్పాలె? నువ్వు మట్టి ఇస్తవట గదా."

ఆమె ఆ రోజు నుంచి చేసిన బొమ్మలు, వాటితో పాటు చెప్పిన మాటలు ఆమెవి. అవి ఇక్కడ రాయను. ఆ రోజు మాత్రం బకెట్లోంచి మట్టి తీసి, తడిపి, మెత్తగా పిసికి ఆమె ముందు పెట్టాను. ఆమె గాజులు పైకి జరుపుకుంది.