ఉపవాసమని చెప్పిన పూట

గాజువాకలోని మా చర్చివాళ్లతో కలిసి, దుప్పట్లు పంచడానికి పాడేరు దగ్గర ఒక గిరిజన గూడేనికి వెళ్లాను. ఒక ముసలమ్మ నాకు గిన్నెలో రాగి అంబలి ఇచ్చింది. ఆస్తులన్నీ పోయినా, కనిపించిన ప్రతి ఇంట్లోనూ తినకూడదన్న మా వంశపు పట్టింపు నాలో పోలేదు. ఉపవాసమని అబద్ధమాడాను. ఆమె అంబలి తిరిగి కుండలో పోసి మూత పెట్టింది.

సాయంత్రం వ్యాను ఎక్కబోతుంటే ఆమె కోడలు వచ్చింది. "మీ ఉపాసం ఎప్పుడైపోద్ది బాబూ? ఇంటికొచ్చినోలు తినకుండా మాం తినం. మా అత్త పొద్దుట్నుంచి ఏటీ ముట్టనేదు."

వెనక్కి వెళ్లి, ఆ గుమ్మంలో కూర్చుని అంబలి అడిగాను.

"ఇంకా పొద్దు గూకనేదు కదా నాయనా. మీ దేవుడికి కోపం రాదా?" అంది ముసలమ్మ.

రాదన్నాను. ఉపవాసమే లేదని చెప్పడానికి మాత్రం అప్పుడూ నోరు రాలేదు.