కంప్లి సాన మీద చెరిగిపోయిన పేరు

మా ముత్తాత తండ్రి పేరు మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆయనదని చెప్పుకునే పిడిబాకు ఒక్కటే మిగిలింది. దాని ఇత్తడి పిడి మీద ఉన్నది ఆయన పేరేనని మా నాన్న నమ్మకం. షుగరు వల్ల నిరుడు నాన్నకు చూపు పోయింది. అప్పట్నించీ, "ఆ పేరేందో ఎవురితోనన్నా చదివించప్పా" అని ఒకటే అడగడం. బళ్లారి గాంధీనగర్‌లో పాత శాసనాలు చదివే రిటైర్డు మాస్టారు ఉన్నారని తెలిసి ఫోన్ చేస్తే, మర్నాడు మధ్యాహ్నం మూడింటికి రమ్మన్నారు. ఆలోగా కంప్లిలో కమ్మరి దగ్గర తుప్పు వదిలించుకొస్తే ఆయనకు చూపించడానికి బాగుంటుందనుకున్నాను.

మా ఊరు మోకలో ఆరున్నర బస్సెక్కి, బళ్లారిలో మారి, కురుగోడు మీదుగా కంప్లి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. అక్కడ వరి కొడవళ్లు చేసే ఒక కమ్మరి, టవల్లో చుట్టి తెచ్చిన బాకును విప్పి చూశాడు.

"మంచి ఉక్కప్పా. యాడిది?"

"మా పెద్దోళ్లది. పిడి మాత్రం ముట్టుకోవద్దు, రాత ఉండాది."

అతను పిడి పక్కన అలుగును, అంటే బాకు ఉక్కు రేకును, బొటనవేలితో రుద్దాడు. "ఈడ తుప్పు కింద ఏవో గీతలుండాయి. సాన పడితే పోతాయి. ఉంచేదా, తీసేదా?"

"తీసెయ్యప్పా," అన్నాను.

అరగంటలో బాకు అద్దంలా మెరిసింది. వదులైన పిడి కూడా బిగించి మూడు వందలే తీసుకున్నాడు. తిరుగు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎంత సంబరపడ్డానో చెప్పలేను.

మాస్టారు భూతద్దంతో పిడిని చూసి తల అడ్డంగా ఊపారు. "ఇది అక్షరం కాదప్పా, లతల పని. పేరు అలుగు మీద చెక్కుంటారు." భూతద్దం కిందికి జరిపి ఆగిపోయారు. "అయ్యో! దీన్ని సాన పట్టిందెవురు?"

"నేనే పట్టించినా సార్, పొద్దున కంప్లిలో."

"ఇదో, చివర 'డు' ఒక్కటే మిగిలుండాది. తిమ్మడో, నాగడో, హనుమంతుడో... తెలుగోళ్ల పేర్లు సగం 'డు'తోనే కదప్పా ముగిసేది."

"మళ్లీ తెప్పించే దారి లేదా సార్?"

"అరిగిన ఉక్కు యాడ తెస్తాం?"

ఇల్లు చేరేసరికి ఏడయింది. నాన్న మంచం మీద లేచి కూర్చున్నాడు. "పేరు సిక్కిందా?"

"లేదు నాయనా. పిడి మీదుండేది ఒట్టి పూలంట."

ఆయన బాకు అడిగి తీసుకుని అలుగు తడిమాడు. "పోనీలే. ఎంత నున్నగా చేయించినావప్పా," అన్నాడు. గీతల సంగతి ఆయనకు ఈనాటికీ చెప్పలేదు.

కమ్మరి తప్పేమీ లేదు, అడిగే చేశాడు. తరతరాల తుప్పు కాపాడిన పేరును నేను ఒక్క మాటతో పోగొట్టాను. ఎన్నిసార్లు తలచుకున్నా ఊరట దొరకడం లేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి పాత ఆయుధం ఉంటే, ముందు చదవగలిగేవాళ్ల దగ్గరికి వెళ్లండి, కొలిమికి ఆ తర్వాతే. అప్పటిదాకా తుప్పును గోటితో కూడా గీకకండి.