బాకా బాబాయి ముందు పళ్ళు

వీధి వీధంతా ఆయన్ని బాకా బాబాయి అనే పిలిచేది. బ్యాండులో మొదటి ట్రంపెట్ ఆయనదే మరి! ఆయన ఊదడం మొదలుపెడితే గుక్కపట్టిన పసివాడు కూడా ఏడుపు ఆపి చూడాల్సిందే.

పాటకీ పాటకీ మధ్య నోరెండిపోతుందని ఆయన కూల్‌డ్రింకు తాగేవాడు. మిగతావాళ్ళు సీసా ఎత్తి గటగటా తాగేస్తే, ఈయన మాత్రం అదే సీసాని కచేరీ అంతా గుక్కెడు గుక్కెడు చప్పరిస్తూ, తన నిగ్రహానికి తానే మురిసిపోయేవాడు. పైగా సీసా ఖాళీ కాగానే బ్రష్షు తీసి పళ్ళు పరపరా తోమేసేవాడు. అంత శుభ్రమైన మనిషికి పళ్ళు పాడవుతాయని ఎవరనుకుంటారు చెప్పండి!

ఒకరోజు సాధనలో ఉండగా ముందు పన్ను పుటుక్కున విరిగింది. దాని పక్కదీ పల్చబడి ఊగుతోంది.

"ఒక్కసారిగా తాగేసినా ఇంత నష్టం ఉండేది కాదండీ," అంది పళ్ళ డాక్టరమ్మ. "గుక్కగుక్కకీ ఆ పులుపూ పంచదారా పళ్ళకి తగులుతూనే ఉన్నాయి. పైపొర మెత్తబడిన ఆ కాసేపట్లోనే మీరు బ్రష్షుతో గీకేశారు."

బాబాయి ముఖంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "గుక్కెడే కదా అనుకున్నానమ్మా," అన్నాడు.

కట్టుడు పళ్ళు రెండు పెట్టారు. ట్రంపెట్ పెదవికి ఆనిస్తే గాలి తుస్సుమంది.

"పంక్చరైన సైకిలు నయం," అని పిన్ని నవ్వింది.

బ్యాండు నడిపేది బావమరిదే. "పోనీ డ్రమ్ము వాయించకూడదూ బావా?" అన్నాడు మెల్లగా.

"వచ్చే కచేరీ దాకా ఆగరా. అప్పటికీ పలక్కపోతే నేనే తప్పుకుంటా."

ఇక చూడాలి ఆ పట్టుదల! చిన్నపిల్లలకి చెప్పే మొదటి పాఠం దగ్గరికెళ్ళి, తలుపేసుకుని, ఒకే స్వరాన్ని పొద్దస్తమానం ఊదాడు. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. నోరెండితే మంచినీళ్ళు తాగి మళ్ళీ ఊదేవాడు.

కచేరీ రోజు రానే వచ్చింది. ఆయన ఒక్కడే ఊదాల్సిన చోట గాలి తుస్సుమంది. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. బావమరిది తల దించుకున్నాడు. ఇంకొకరైతే దగ్గు నటించి జారుకునేవారే. బాబాయి మూతి తుడుచుకుని, అందరికీ వినబడేలా, "ఇంకోసారి మొదలెట్టండి," అన్నాడు.

మొదలెట్టారు. ఈసారి స్వరం లేచింది, వణకకుండా నిలబడింది. ముందు వరసలో పిన్ని వెటకారమంతా మరిచిపోయి, "మొండిమనిషి, నా మొండిమనిషి!" అంటూ భోరుమంది.