కొండవాలు ఫామ్‌హౌస్ కింద జాకీలు

2022 శరదృతువులో, కెనడాలోని కిచెనర్‌లో స్ట్రక్చరల్ ఇంజనీరుగా నాకు ఊపిరాడనంత పని. ఊరినిండా కొత్తగా వచ్చిన విద్యార్థులే. బేస్‌మెంట్‌ను అద్దెగదులుగా మార్చే ప్లాన్ల కోసం రోజూ ఎవరో ఒకరు వచ్చేవారు. అప్పుడే విజయకుమారి గారు ఫోన్ చేశారు. కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడ నర్సుగా రిటైరైన మనిషి. ఉత్తరాన కొండవాలులో నూరేళ్లు దాటిన ఫామ్‌హౌస్ కొన్నారు. లోయవైపు గాజుగోడ పెట్టి, అలసిపోయిన నర్సులు నాలుగు రోజులు ఉండి వెళ్లే విడిదిగా మార్చాలని ఆవిడ కోరిక.

వెళ్లి చూస్తే హాల్లో నేల ఒక మూలకు వాలి ఉంది. గోడ ప్లాస్టర్ తీయిస్తే చేత్తో చెక్కిన పైన్ దుంగలు బయటపడ్డాయి, గట్టిగా, తేనెరంగులో. అన్నిటికంటే అడుగున, ఇంటి బరువంతా మోసే దుంగను సిల్ లాగ్ అంటాం. అందులోకి మాత్రం నా స్క్రూడ్రైవర్ పిడిదాకా దిగిపోయింది.

కాంట్రాక్టర్ సుధాకర్‌ది నిజామాబాద్, పనిమంతుడే. కిచెనర్‌లో బేస్‌మెంట్ పనులు అతని కోసం కాచుకుని ఉన్నాయి. "దీన్ని కూలగొట్టి కొత్తది కడదాం మేడమ్. స్ప్రింగ్‌కల్లా అయిపోతది" అన్నాడు.

విజయకుమారి గారు దుంగమీద చెయ్యి వేసి నిమిరారు. తర్వాత నావైపు తిరిగారు.

"నిలబెట్టగలవా అమ్మా? లేదంటే ఇప్పుడే చెప్పెయ్యి, ఆశ పెట్టుకోను."

"నిలబెడతానండీ. తొందర మాత్రం పెట్టకండి."

కుళ్లిన సిల్ లాగ్ తీసి కొత్తది కూర్చాలంటే ముందు ఇంటిని పైకి లేపాలి. ఇంటి కింద స్టీలు దూలాలు దూర్చి జాకీలు పెట్టించాను. రోజుకు కొద్దిగానే ఎత్తాలి. పాత చెక్క సర్దుకోవడానికి వ్యవధి కావాలి. నేను లేని ఒక మధ్యాహ్నం సుధాకర్ నాలుగైదు రోజుల ఎత్తు ఒకేసారి ఎత్తించాడు. మెట్ల పక్క గోడ చీలింది. ఫోన్ చేసి అతనే చెప్పాడు. నేను వెళ్లి పని ఆపించాను. అతనికి కోపం వచ్చింది, వదిలేసి వెళ్లిపోతానన్నాడు. చీలిక దగ్గరికి తీసుకెళ్లి లైటు వేసి చూపించాను. పైగదిని మోసే దూలం గోడ గూటిలోంచి వేలెడు బయటికి జరిగింది. ఇంకొంచెం జరిగితే ఆ గది అతని మనుషుల మీదే పడేది. సుధాకర్ ఆ సందులో వేలు పెట్టి చూశాడు.

"ఇగ మీరు చెప్పినంతే మేడమ్" అన్నాడు.

దూలాన్ని గూట్లోకి చేర్చాకే మళ్లీ మొదలుపెట్టాం. కొత్త దుంగ కూర్చేసరికి మంచు పడింది. గాజుగోడ బరువు పాత దుంగల మీద పడకుండా దానికి వేరే స్టీలు ఫ్రేము నిలబెట్టాం. వేసవిలో ఆవిడ పాత వార్డు నర్సులు ఇద్దరు మొదటి అతిథులుగా వచ్చారు. లోయకు ఎదురుగా కుర్చీల్లో కూర్చున్నవాళ్లు అక్కడే నిద్రపోయారట.

బరువుల లెక్కలు నాకు ముందే వచ్చు. అప్పటినుంచి పాత ఇళ్ల డ్రాయింగ్‌లో ఎంత ఎత్తాలో రాసేచోటే, ఎంత నెమ్మదిగా ఎత్తాలో కూడా రాస్తున్నాను.