నక్షత్ర ధూళిలో నీరు: ఆటోనగర్‌లో తేలిన సంగతి

నక్షత్రాల మీద పరిశోధన చేసే మనిషికి ఆటోనగర్‌లో ఏం పని అంటారేమో. ముసలి నక్షత్రం చచ్చిపోయే ముందు దుమ్ము వదులుతుంది. అది ఏ రాతి దుమ్మో తెలియాలంటే అలాంటి రాయినే పొడి చేసి, పొటాషియం బ్రోమైడ్ అనే ఉప్పులో కలిపి, ఉక్కు అచ్చులో బిళ్లగా నొక్కి, దానిలోంచి పరారుణ కాంతి పంపి, వచ్చిన వర్ణపటం గీతను టెలిస్కోపు పంపిన గీతతో పోల్చాలి. నా రాతిపొడిలో నీటి జాడ కనబడింది. అంటే నక్షత్ర ధూళిలోనూ నీరుంటుందని మూడు నెలలు కూర్చుని దాని మీదే థీసిస్‌లో ఒక అధ్యాయం రాశాను. సోమవారం గైడ్‌గారికి ఇవ్వాలి. ఇంతలో అచ్చు లోపల గరుకెక్కి బిళ్లలు పగిలిపోవడం మొదలైంది.

శనివారం పొద్దున్న ఎనిమిదిన్నరకి సీతమ్మధారలో బయల్దేరి, గాజువాక దాకా బస్సులో, అక్కణ్ణుంచి ఇరవై రూపాయలకి షేర్ ఆటోలో వెళ్లాను. సంచిలో ఏముందని డ్రైవర్ అడిగితే చెప్పాను. “మన వైజాగ్‌లో దుమ్ముకి లోటేటి మేడం, దానికి సదువు కూడానా?” అన్నాడు. నాకూ నవ్వొచ్చింది.

లేత్ పనిలో ముప్పై ఏళ్లుగా ఉన్న అప్పారావు బాబాయ్ రెండు గంటలు పట్టి అచ్చు నునుపు చేశాడు. నాలుగు వందలు తీసుకుని, తన ప్రెస్సు మీదే ఒక బిళ్ల నొక్కి చూసుకోమన్నాడు. ఎప్పటిలాగే ఉప్పు కలిపిన పొడిని కాగితం మీద పోసి, టీ తాగుతూ నిలబడ్డాను. ఆయన వేలితో పొడిని రాసి చూశాడు.

“ఏటమ్మా, ఉప్పుని ఇలాగ ఒగ్గేసి టీ తాగుతన్నావు? ఈ గాలికి నీరట్టదా? నాను వెల్డింగు రాడ్లే ఓవెన్లోంచి తీసి వేడి మీద వాడతాను.”

“నిన్ననే ఆరబెట్టాను బాబాయ్.”

“నిన్న ఆరితే ఇయ్యాలకి ఏటి లాభం?”

అప్పుడు తట్టింది. పోలిక కోసం వాడే వట్టి ఉప్పు బిళ్లని గాలి పొడిగా ఉండే జనవరి చలిలో ఒక్కసారి చేసి, ఇప్పటిదాకా దాన్నే వాడుతున్నాను. మూడింటికల్లా ల్యాబ్‌కి చేరి, రాతిపొడి కలపకుండా, ఉప్పు ఒక్కదాన్నే ఇరవై నిమిషాలు గాలికి వదిలి నొక్కాను. అదే నీటి జాడ! తర్వాత ఉప్పుని ఓవెన్లో ఆరబెట్టి, వేడి మీదే రాతిపొడి కలిపి నొక్కాను. జాడ లేదు. కూర్చుని ఏడ్చాను.

ఆ నీరు నక్షత్ర ధూళిది కాదు, మన సముద్రానిది. గైడ్‌గారికి ఫోన్ చేసి అధ్యాయం తీసేస్తున్నానని చెప్పాను. చెప్పేదాకా భయం, చెప్పాక ఒళ్లు తేలికైంది. రాతి గీత మాత్రం కదల్లేదు, నక్షత్రం గీతతో ఇప్పటికీ సరిపోతోంది. సోమవారం ఇచ్చేది అదొక్కటే. మీరు ఆటోనగర్ వెళ్లేటట్టయితే షాపులు మూసేసే ఆదివారం కాకుండా చూసుకోండి. పనిముట్టు ఇచ్చేసి పక్కన కూర్చోకండి. దాంతో మీరు పని ఎలా చేస్తారో అక్కడే ఒకసారి చేసి చూపించండి.