అక్క మరపుకు గీసిన గీత

తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకు జువాలజీ చెప్పే నేను, నలభై దాటాక లెక్కలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా అక్క కోసం. బాపట్లలో నర్సుగా పనిచేస్తూ, అమ్మ పోయాక నన్ను తన దగ్గరే ఉంచుకుని డిగ్రీ చదివించిన మనిషి. రిటైరై బావగారి ఊరు రేపల్లెలో స్థిరపడిన కొన్నాళ్లకే ఆమెకు మరపు పట్టుకుంది. ముందు పొయ్యి మీది పాలు మరిచిపోయింది. తర్వాత చర్చి నుంచి ఇంటికి దారి. ఇది తగ్గే జబ్బు కాదనీ, ఎంత వేగంగా ముదురుతుందో చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. ఆ చెప్పలేమన్న మాటే నాకు మింగుడుపడలేదు.

మా కాలేజీ లెక్కల సారును అడిగితే ఖాళీ పీరియడ్లలో సంభావ్యత, ఘాతీయ క్షయం చెప్పారు.

"ఉన్నదాంట్లో ప్రతిసారీ ఒకే వంతు పోతుందండి మేడం. గ్రాఫు గీస్తే మొదట్లో గీత నిట్టనిలువునా దిగుతుంది. పోనుపోను వాలు తగ్గుతుంది. సున్నాను మాత్రం ఎప్పటికీ తాకదు."

ఆ చివరి మాటను పట్టుకుని వేలాడాను.

ప్రతి ఆదివారం పాసింజరు రైల్లో రేపల్లె వెళ్లి, పాత ఫొటోలు అక్క ముందు పరిచేదాన్ని. గుర్తుపట్టినవెన్నో చూసుకుని, సారు చెప్పిన లెక్కతో గీత గీసుకున్న కాగితం మీద చుక్క పెట్టేదాన్ని. కొన్ని నెలలు చుక్కలు గీత వెంటే నడిచాయి. ఇంకా టైముందిలే అనుకున్నాను.

వానాకాలంలో ఒక ఆదివారం బాపట్ల ఫొటోల్లో ఒక్కటీ గుర్తుపట్టలేదు. ఆస్పత్రి వార్డు, మేం అద్దెకున్న పెంకుటిల్లు, సూర్యలంక సముద్రపు ఒడ్డున తడిసిన చీరలతో మేమిద్దరం, అన్నీ ఒక్కసారే పోయాయి. అంతకు ముందు వారమే వాటిని చూసి నవ్వింది.

సారుతో చెబితే నా కాగితం తీసుకుని చూశారు.

"ఒకటి పోవడానికీ ఇంకోటి పోవడానికీ సంబంధం లేదనుకుని వేసిన లెక్కండి అది. మనిషిలో అలా ఉండదేమో. పైగా ఎన్ని మిగులుతాయో చెబుతుంది గానీ, ఏవి మిగులుతాయో చెప్పదు మేడం."

తర్వాత వెళ్లేసరికి అక్క వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నన్ను చూసి మర్యాదగా లేచి నిలబడింది.

"రండి, కూర్చోండి. ఎవరు కావాలండి?"

బావగారు గుమ్మంలోనే ఆగిపోయారు.

"తెనాలి నుంచి వచ్చానండి."

"తెనాలా! మా చెల్లెలు అక్కడే కాలేజీలో పాఠాలు చెప్పుద్దండి. ఈ రైలుకే రావాలి, ఇంకా రాలేదేంటో."

సంచిలో ఫొటోలు సంచిలోనే ఉంచేశాను. పక్కన కూర్చుని నాలుగు చిక్కుడుకాయలు చేతిలోకి తీసుకున్నాను.

"మీ చెల్లెలు ఎలా ఉంటుందండి?"

"పిచ్చిమొద్దు. ఉరిమితే చాలు, నా కొంగులో దూరేదండి," అంది, వీధి వైపే చూస్తూ.

ఇప్పటికీ ఆదివారాలు వెళ్తున్నాను. చుక్కలు పెట్టడం మానేశాను. కొన్నిసార్లు ఆ చెల్లెలి ఊసెత్తుతుంది. ఈమధ్య ఎత్తని ఆదివారాలే ఎక్కువ.